ముందు అడుగు తర్వాత కట్టు

మేడిపాలెం,
ఫిబ్రవరి 2, 2025.

చిరంజీవి బిందుమాధవికి,

మేనమామ పేరయ్య దీవెనలు. ఇక్కడ నేనూ నా మోకాళ్లూ క్షేమమే. చెవులు మాత్రం ఎప్పట్లాగే సెలవు మీద ఉన్నాయి. మొన్న నువ్వు ఫోన్ చేసి ఏదో సంతోషంగా చెప్పావు. నాకు 'వంకాయ' అన్న ముక్క ఒక్కటే వినపడింది. విజయనగరంలో వంకాయలు బాగా కాసినట్టున్నాయని ఇంట్లో అందరికీ చెప్పాను. తర్వాత నన్ను చూసి పోదామని వచ్చిన మీ అమ్మ హనుమాయమ్మ నా చెవిలో అరిస్తే తెలిసింది, నీకు టౌన్ ప్లానింగ్‌లో ప్రమోషన్ వచ్చిందట. ప్రమోషన్‌కీ వంకాయకీ ఏం పోలిక అని అడక్కు. నా చెవి లెక్క దానిది.

అందుకే ఇకనుంచి ఉత్తరాలే రాసుకుందాం. రాసిన మాట తప్పుగా వినపడదు.

ప్రమోషన్ సంగతి తెలిసిన రోజునుంచి నేను వీధిలో కొంచెం నిటారుగా నడుస్తున్నాను. ఒక ఊళ్లో ఎవరు ఎంత ఎత్తు కట్టుకోవాలో చెప్పే మనిషి మా ఇంటి పిల్ల. మా నాన్న బతికుంటే ముందు తన దొడ్డి గోడ చూపించి, సరిగ్గా ఉందా అమ్మా అని అడిగేవాడు.

దొడ్డి అంటే గుర్తొచ్చింది, ఉత్తరం దానిగురించే. మన పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టు కూలిపోయాక ఆ మూలమలుపు దొడ్డి ఖాళీగా పడి ఉంది కదా. కిందటేడు బళ్లో ఆటలు నేర్పే రెబ్కా టీచర్ వచ్చి, "పెద్దాయనా, ఆడపిల్లలకి వాలీబాల్ ఆడుకోవడానికి చోటు లేదండి, గ్రౌండంతా మగపిల్లల క్రికెట్టే" అంది. తాళం ఇచ్చేశాను. ఇప్పుడు సాయంత్రమైతే పదిమందికి పైగా పిల్లలు వస్తారు. నేను అరుగు మీద కూర్చుంటాను. నీకొక విచిత్రం చెప్పనా? ఈ లోకంలో ఏ చప్పుడూ నాకు సరిగ్గా వినపడదు గానీ, ఆ పిల్లలు ఎగిరి బంతిని కిందికి కొట్టినప్పుడు వచ్చే 'ధబ్' మాత్రం శుభ్రంగా వినపడుతుంది. చెవిలోంచి కాదు, అరుగులోంచి, వెన్నులోంచి. డాక్టరు ఇచ్చిన మిషన్ పెట్టుకుంటే దోమ రొద పెట్టినట్టుంటుంది. ఈ పిల్లలే నా మిషన్.

ఇంతకీ చిక్కు ఏమిటంటే, మన దొడ్డి గోడ నాలుగడుగులు. పక్కనే బాలస్వామి మిరప కళ్లం. తొలికోత కాయ ఎండబోశాడు. బాలస్వామి మనవరాలు షారోన్ ఎడమచేతి వాటం. అది కొట్టిన బంతి కోర్టులో పడితే పాయింటు, తప్పితే వాళ్ల తాత మిరపకాయల్లో పడుతుంది. పడిన చోట కాయ నలిగి గింజ రాలుతుంది. మొన్న కొత్తపట్నం పిల్లలు స్నేహంగా ఆడిపోదామని వచ్చారు. బంతి వెళ్లి కళ్లంలో పొర్లి వచ్చింది. ఆ బంతి పట్టుకున్న కొత్తపట్నం పిల్ల చెమట తుడుచుకుంది. ఇంక చూడు. "బంతికి కారం రాశారు, ఇది మోసం" అని ఏడుపు. రెబ్కా తన కళ్లకి కూడా ఆ బంతి రుద్దుకుని, తనూ ఏడ్చి, మోసం కాదని నిరూపించింది. ఆ పిల్ల నాన్న సముద్రంలో చేపల వేటకెళ్లే మనిషి. "మేం ఉప్పుగాలికి పుట్టామండి, కారపుగాలికి కాదు" అని నవ్వాడు కాబట్టి సరిపోయింది.

బాలస్వామి మాత్రం నవ్వలేదు. "ఏరా పేరయ్యా, నీ దొడ్లో ఆట, నా కళ్లంలో వేటా?" అన్నాడు. రెబ్కా ఆట ఆపేసింది. కంచె పడేదాకా ఆడేది లేదంది. ఏప్రిల్ నెలాఖరున ఒంగోలులో పెద్ద పోటీ. అప్పటికి ఆట లేకపోతే ఈ పిల్లలు వెళ్లలేరు. నా అరుగు మూగబోయింది.

గోడ మీద పైపులు పాతి పద్దెనిమిది అడుగుల దాకా వల కడదామని ఉంది. మన ఊరు నగర పంచాయతీలో కలిసింది కదా, కంచెకి కూడా ఎత్తు లెక్కలున్నాయని ఎవరో అన్నారు. మన చిన్నప్పుడు దడి ఎత్తు మేకని బట్టి ఉండేది. మేక మెడ చాస్తే అందనంత ఎత్తు, అంతే. ఇప్పుడు మేక స్థానంలో ప్రభుత్వం వచ్చింది. ఏం చెయ్యాలో వెంటనే రాయి.

మీ మామయ్య,
పేరయ్య.

విజయనగరం,
8-2-2025.

మామయ్యా,

సర్వే పని మీద ఫీల్డులో ఉన్నాను, కార్డే దొరికింది. తొందరపడకు. ముందు అడుగు తర్వాత కట్టు. మిగతాది తీరిగ్గా రాస్తాను. అమ్మ పండుమిరప పచ్చడి పంపమంటోంది.

బిందు.

మేడిపాలెం,
ఫిబ్రవరి 24, 2025.

చిరంజీవి బిందుకి,

దీవెనలు. పచ్చడి మీ అమ్మకి బస్సులో పంపాను. వెల్లుల్లి ఎక్కువైందంటే అది నా తప్పు కాదు, దంచేటప్పుడు 'చాలు' అన్న మాట నాకు వినపడలేదు.

నీ కార్డు అందింది. చూశావా, ఆఫీసరంటే అదీ. ఇంకొకడైతే నాలుగు పేజీలు రాసేవాడు. నువ్వు నాలుగు మాటల్లో తేల్చేశావు. నువ్వు చెప్పినట్టే ముందు ఒక అడుగు వదిలి, తర్వాత కట్టాను.

వీధి వైపు గోడ మొత్తం విప్పించాను. అక్బర్ మేస్త్రీ నా మొహం వంక చూసి, "పెద్దాయనా, ముప్పై ఏళ్ల నుంచి తాపీ పట్టుకున్నాను. రాత్రికి రాత్రి రోడ్డు మీదికి నడిచొచ్చే గోడల్ని చూశాను గానీ, వెనక్కి నడిచే గోడని ఇదే చూడటం" అన్నాడు. "ఇది మామూలు గోడ కాదురా, ఆఫీసరు గారి గోడ" అన్నాను. వీధిలో పోయేవాళ్లంతా ఆగి చూశారు. వీధిలో బజ్జీలమ్మే అంకమ్మ మూకుడు దించి మరీ వచ్చి, "అన్నా, నీకు గానీ ఎండదెబ్బ తగిలిందా" అని అడిగింది. అందరికీ ఒకటే జవాబు చెప్పాను: మా మేనకోడలు ముందు అడుగు అంది.

తర్వాత పైపులు పాతించాను. వలకి ఎవరి దగ్గరికి వెళ్లాననుకున్నావు? కొత్తపట్నం. కళ్లు మండిన పిల్ల నాన్న తన పాత నైలాన్ వల ఇచ్చాడు. "దీంట్లో చేప పడటం మానేసింది, బంతి పడుతుందేమో చూడండి" అన్నాడు. కడితే ఎంత అందంగా ఉందో. ఎండ పడితే నీలంగా మెరుస్తుంది. గాలికి ఇంకా కాస్త ఉప్పు వాసన వేస్తుంది. మేడిపాలెంలో సముద్రం వాసన వేసే కంచె మనదొక్కటే.

మళ్లీ ఆట మొదలైంది. మొదటి 'ధబ్' కి నాకు ఒళ్లు పులకరించింది.

రెండు రోజులు అయ్యాక వార్డు ప్లానింగ్ సెక్రటరీ వచ్చాడు. పేరు మార్క్, దాచేపల్లి వైపు కుర్రాడు, మర్యాదస్తుడు. టేపు పెట్టి కొలిచి, "తాతగారూ, ముందు వైపు ఐదడుగులు దాటకూడదండి. మీది పద్దెనిమిది ఉంది. అనుమతి ఉందా?" అని అడిగాడు. అంటే, రెబ్కా నాకు కాగితం మీద రాసి చూపించింది.

"అనుమతి ఏమిటి నాయనా, విజయనగరం టౌన్ ప్లానింగ్ ఆఫీసరు బిందుమాధవి గారు స్వయంగా రాసి పంపిన ప్రకారం కట్టాను" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నానట. చెవిటివాడి మామూలు గొంతు వీధి చివరిదాకా పోతుంది. అతను అదంతా రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక నోటీసు కూడా ఇచ్చాడు, కంచె తీసెయ్యమని. ఏదో పొరపాటు అయ్యుంటుంది. నీ పేరు చూశాక వాళ్లే సర్దుకుంటారులే.

మీ మామయ్య,
పేరయ్య.

విజయనగరం,
మార్చి 2, 2025.

మామయ్యకి,

నీ ఉత్తరం రాకముందే నాకు ఇంకొక ఉత్తరం వచ్చింది. మా డిపార్ట్‌మెంట్ నుంచి. మేడిపాలెంలో మా బంధువులకి నిబంధనలకి విరుద్ధంగా కంచె కట్టమని నేను రాతపూర్వకంగా చెప్పానా అని వివరణ అడిగారు. ప్రమోషన్ వచ్చి రెండు నెలలు కాలేదు.

మామయ్యా, నా పేరు ఎందుకు చెప్పావు? అడుగు వదలమని, గోడ విప్పమని నేనెప్పుడు చెప్పాను? నాకు అసలు అర్థం కావడం లేదు. మంచి గోడ కూలగొట్టుకుని నామీద పెట్టావు. ఇక్కడ రోజూ నా టేబుల్ ముందు ఎవరో ఒకరు నిలబడి, ఫలానా ఆయన మా బాబాయ్ అండి, ఫలానా ఆయన మా మావయ్య అండి అంటారు. వాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే: మావయ్యకి రూలు ఉండాలి గానీ రూలుకి మావయ్య ఉండకూడదు అని. ఇప్పుడు ఆ మాట నేనెలా అనేది?

నీకు ఆ రూలు నీ మేక కథలాగా కనిపిస్తోంది. నేను చూసింది చెప్తాను విను. ఇక్కడ ఒక మూలమలుపు దగ్గర ఒకాయన ఎనిమిదడుగుల గోడ కట్టాడు. ఆ గోడ అవతల నుంచి సైకిల్ మీద పిల్లాడొస్తున్నాడని లారీ డ్రైవర్‌కి తెలియలేదు. కాలు ఒక్కటే పోయింది కాబట్టి అదృష్టం అన్నారు. ఐదడుగుల గోడ వెనక మనిషి తలైనా కనపడుతుంది. మన దొడ్డి కూడా మలుపులోనే ఉంది కదా. అందుకని అడగాలి. నిబంధన నుంచి సడలింపు కావాలని దరఖాస్తు పెట్టుకోవాలి, పక్కవాళ్ల అభ్యంతరాలు వినాలి, కమిషనర్ గారు నిర్ణయించాలి. అందరికీ ఉన్న దారి అదే. నీకూ అదే.

ఈ విషయంలో నేను ఎవరికీ ఒక్క మాట కూడా చెప్పను. ఒక్క ఫోన్ కూడా చేయను. ఇకమీదట నా పేరు వాడకు.

బిందు.

మేడిపాలెం,
మార్చి 9, 2025.

మహారాజశ్రీ టౌన్ ప్లానింగ్ అధికారి బిందుమాధవి గారికి,

మేడిపాలెం వాస్తవ్యుడు పేరయ్య నమస్కరించి వ్రాయునది. తమరి లేఖ అందినది.

తమరు అడుగు వదలమని చెప్పలేదని సెలవిచ్చారు. తమరి కార్డు మా ఇంటి క్యాలెండర్‌కి గుచ్చి ఉన్నది. అందులో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను: "ముందు అడుగు తర్వాత కట్టు." ఇది తమరి దస్తూరీ కాదంటే చెప్పండి, నా కళ్లు కూడా చెవుల దారి పట్టాయని ఒప్పుకుంటాను. నేను చదివింది ఐదో తరగతి. ఆపైన చదువంతా పొగాకు బేళ్లతో వచ్చిన పాత పేపర్లలోనే. అయినా అడుగు అంటే పన్నెండు అంగుళాలని ఆ ఐదో తరగతిలోనే చెప్పారు.

తమరి పేరు కాగితాల్లో నలుగుతోందని తెలిసిన సాయంత్రమే వల విప్పించాను. నోటీసుకి ఇంకా గడువు ఉంది. గడువుతో నాకేం పని. అక్బర్ మేస్త్రీ పైపులు పీకుతుంటే షారోన్ వచ్చి నా ముందు నిలబడింది. "ఎందుకు తాతయ్యా?" అన్నట్టుంది. మూతి కదలిక చూసి తెలుసుకున్నాను. మా ఇంటి పిల్ల ఉద్యోగం కోసం అన్నాను. ఆ పిల్లకి అర్థం కాలేదు. కానీ వల మడతపెట్టడానికి తానూ ఒక కొస పట్టుకుంది.

ఆట మళ్లీ ఆగింది. ఇప్పుడు సాయంత్రం అరుగు మీద కూర్చుంటే ఏమీ వినపడదు. అందరికీ నిశ్శబ్దం అంటే ఏమీ లేకపోవడం. నాకు అలా కాదండి. ఉన్న ఒక్కటీ పోవడం.

నా పేరు వాడొద్దు అన్నారు. సరే. వీధిలో ఎవరైనా అడిగితే నాకు మేనకోడళ్లు లేరని చెప్తున్నాను. మొన్న అంకమ్మతో అలాగే అన్నాను. "ఉన్న ఒక్కదాన్నీ లేదంటావా, నోరు కడుక్కో" అని నాకు ఒక బజ్జీ కూడా పెట్టకుండా పంపించింది.

దరఖాస్తు మాత్రం పెట్టాను, తమరు చెప్పారు కాబట్టి. రెబ్కా రాసింది, నేను సంతకం చేశాను. ఏప్రిల్ మొదటి వారంలో విచారణ. పక్కవాడి అభ్యంతరం అడుగుతారట. బాలస్వామి సంగతి తమకి తెలిసిందే. బళ్లో మాకు పక్కపక్క పలకలు. అప్పట్నుంచీ నేను అవునంటే వాడు కాదంటాడు.

ఇట్లు,
విధేయుడు,
పేరయ్య.

విజయనగరం,
మార్చి 15, 2025.

మా బంగారు మామయ్యకి,

నన్ను 'మీరు' అనొద్దు. ఉత్తరం చదివి ఆఫీసులో బాత్రూంలోకి వెళ్లి కాసేపు ఏడ్చాను. తర్వాత నువ్వు ఎత్తి రాసిన నా కార్డు ముక్క మళ్లీ చదివాను. అక్కడే పగలబడి నవ్వాను. బయట నిలబడ్డ క్లర్క్ హీనా తలుపు కొట్టి, మేడమ్, బాగానే ఉన్నారా అని అడిగింది.

మామయ్యా, నేను రాసింది పన్నెండు అంగుళాల అడుగు కాదు. ముందు అడుగు, అంటే నగర పంచాయతీ వాళ్లని అడుగు. తర్వాత కట్టు. మధ్యలో కామా పెట్టాలి. సర్వే గొలుసు ఒక చేత్తో, కార్డు ఇంకో చేత్తో పట్టుకుని రాస్తూ పెట్టలేదు. గీత ముక్కంత కామా లేక నీ గోడ అడుగు వెనక్కి పోయింది. ఇన్నేళ్లు బిల్డింగ్ ప్లాన్లలో గీత తప్పినందుకు ఎంతమందిని కోప్పడ్డానో.

వివరణలో జరిగింది జరిగినట్టు రాశాను: అనుమతి అడగమని నేను రాశాను, వారు అడుగు వదలమని చదువుకున్నారు, కామా లోపం నాది. మా పై అధికారి చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ముప్పై ఏళ్ల సర్వీసులో అడుగు కలుపుకున్న కేసులే చూశానమ్మా, అడుగు వదిలేసిన కేసు రాలేదు" అన్నారు. ఫైలు మూసేశారు.

నీకు అడగాలన్న ఆలోచన ఎందుకు రాలేదో కూడా నాకు తెలుసు. మన ఇళ్లల్లో ఇవ్వడం తెలుసు గానీ అడగడం తెలియదు. అడగమంటే తలకెక్కదు, అడుగు వదలమంటే వెంటనే గోడ విప్పేస్తావు.

కానీ నేను మాట మార్చను. విచారణకి ముందు ఎవరికీ ఫోన్ చెయ్యను, నువ్వు గెలిచినా ఓడినా. నేను సిగ్గుపడి కాదు. నా మామయ్య తన కాళ్ల మీద నిలబడి అడిగితే వినేంత న్యాయం ఆ ఆఫీసులో ఉండాలని నా నమ్మకం. అలాంటి ఆఫీసులోనే కదా నేనూ పనిచేస్తున్నది. నీ దగ్గర నా కార్డు ఉంది. దాచాల్సింది ఏమీ లేదు.

వెల్లుల్లి ఎక్కువైందని అమ్మ అంది. జాడీ మాత్రం సగం అయింది.

నీ బిందు (మేనకోడలు, ఉన్న ఒక్కత్తీ).

మేడిపాలెం,
ఏప్రిల్ 6, 2025.

నా తల్లి బిందుకి,

మామయ్య దీవెనలు, ఈసారి కామాలతో సహా. నీ ఉత్తరం చదివాక వెళ్లి అంకమ్మకి నాకో మేనకోడలు ఉందని చెప్పి వచ్చాను. రెండు బజ్జీలు పెట్టింది.

మొన్న విచారణ జరిగింది. తెల్ల చొక్కా వేసుకుని రెబ్కాతో కలిసి వెళ్లాను. ఆడపిల్లలంతా వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. కమిషనర్ గారు ఆడమనిషి, నీకన్నా నాలుగేళ్లు పెద్దదేమో. మార్క్ లేచి చదివాడు. నాకు ఒక్క ముక్క వినపడదు కాబట్టి మనుషుల మొహాలు చదివే పని పెట్టుకున్నాను. ఇంతలో కమిషనర్ గారు హాలంతా కలయజూసి ఏదో అడిగారు. బాలస్వామి లేచాడు. చెయ్యెత్తి, వేలు నావైపు చూపించి, తల అడ్డంగా ఊపుతూ ఏదో అంటున్నాడు. వేలు ఇంకా ఇంకా పైకి లేపుతున్నాడు.

అనుకున్నంతా అయిందనుకున్నాను. లేచి నిలబడి అందరిముందూ అడిగేశాను: "ఒరేయ్ బాలస్వామీ, నీ మనవరాలు ఆడే ఆటకిరా నువ్వు అడ్డం పడేది? బళ్లో నా పలక పగలగొట్టిన రోజే అనుకున్నాను, నీకు నిటారుగా ఉండేదేదీ నచ్చదని. నీ కాయ నలిగితే నా కాయ తీసుకో. ఆ పిల్ల ఎగిరినంత ఎత్తు మన రెండు వంశాల్లో ఎవడన్నా ఎగిరాడంట్రా?"

హాలంతా నవ్వులు. రెబ్కా నా చొక్కా పట్టుకుని లాగి, చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. అప్పుడు తెలిసింది బాలస్వామి ఏమన్నాడో. "అభ్యంతరం ఉందండి. పద్దెనిమిది అడుగులేంటండి, ఏ మూలకి? మా షారోన్ కొడితే తాటిచెట్టు దాటుద్ది. ఇరవై రెండన్నా ఉండాల. తక్కువ కడితే నేను ఒప్పుకోను" అన్నాడట.

నేను కూర్చోలేదు, నిలబడలేదు. మధ్యలో ఎక్కడో ఉండిపోయాను. వాడు నావైపు చూసి, "కూకోరా చెవిటోడా" అన్నాడు. అది మాత్రం వినకుండానే తెలిసింది.

తర్వాత మార్క్ తన కొలతలు చూపించాడు. దొడ్డి దగ్గర వీధి మలుపు ఇదివరకు ఇరుకుగా ఉండేదని, మిరప ట్రాక్టర్లు ఒకసారికి తిరిగేవి కాదని, గోడ వెనక్కి జరిగాక ఒకే తిప్పుకి తిరుగుతున్నాయని, ఎదురుగా వచ్చేది కూడా కనపడుతోందని చెప్పాడట. కమిషనర్ గారు నావైపు తిరిగి, ఎవరూ అడక్కుండా అడుగు ఎందుకు వదిలారని అడిగారు. రెబ్కా రాసి చూపించింది. నేను జేబులోంచి నీ కార్డు తీసి ఇచ్చాను. మాటలతో చెబితే పాడుచేస్తానని నాకు తెలుసు.

ఆవిడ చదివింది. మళ్లీ చదివింది. పక్కనున్న ఆయనకి ఇచ్చింది. కార్డు బల్ల అంతా తిరిగి, చివరికి మార్క్ దగ్గర ఆగింది. ఆ కుర్రాడు నవ్వు ఆపుకోలేక టేపు కింద పడేశాడు.

ఉత్తర్వు ఇదీ. వలకంచె ఇరవై రెండు అడుగుల దాకా కట్టుకోవచ్చు. చూపుకి అడ్డం రాని వల మాత్రమే. గోడ నాలుగడుగులు దాటకూడదు. ఆట ఉన్నన్నాళ్లే ఈ సడలింపు, వేరే పనికి వాడితే రద్దు. వదిలిన అడుగు మేర వీధిలో కలిసినట్టు నేను సంతకం పెట్టాలి. పెట్టాను. నా జన్మలో ఇంత సంతోషంగా నేల వదులుకున్నది లేదు.

బయటికొస్తుంటే కమిషనర్ గారు నన్ను ఆపి, పెద్ద పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసిచ్చారు: "మీ మేనకోడలు మాకు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. ఆ సంగతి మీకు చెప్పాలనిపించింది." ఆ కాగితం ఇప్పుడు క్యాలెండర్‌కి నీ కార్డు పక్కన ఉంది. ఊళ్లో తన వాళ్ల కోసం ఫోన్లు చేసే ఆఫీసర్లున్న ఇళ్లు చాలా ఉన్నాయి. చెయ్యని ఆఫీసరు ఉన్న ఇల్లు మాదొక్కటే. వచ్చినవాళ్లందరికీ ముందు కాగితం చూపించి, తర్వాత మంచినీళ్లు ఇస్తున్నాను.

ఒక పని మిగిలింది. ఒంగోలు పోటీకి జట్టు పేరు రాసి పంపాలట. నువ్వే పేరు పెట్టాలని రెబ్కా అంటోంది. వెంటనే రాయి.

మీ మామయ్య,
పేరయ్య.

విజయనగరం,
11-4-2025.

మామయ్యా,

మళ్లీ ఫీల్డే, మళ్లీ కార్డే. నేను కార్డు మీద ఏం రాసినా ప్రమాదం కాబట్టి పేరు పెట్టను. ఆడేది పిల్లలు, వాళ్లనే అడుగు. (అడుగు అంటే అడగమని.) ఆ రోజు ఇక్కడ కొలతలున్నాయి, ఒంగోలు రాలేను. నా బదులు కూడా నువ్వే చూడు.

బిందు.

మేడిపాలెం,
మే 1, 2025.

చిరంజీవి బిందుకి,

నీ బదులు కూడా చూశాను. కళ్లు రెండూ అలిసిపోయాయి.

ఆఖరి ఆట ఎవరితో పడిందో ఊహించు. కొత్తపట్నం. ఇసకలో ఎగిరి పెరిగిన పిల్లలు, గట్టి నేల మీదికి వస్తే ఇంక కిందికి దిగరు. వాళ్ల కెప్టెన్, ఆ కళ్లు మండిన పిల్లే, ఆట మొదలయ్యేముందు బంతిని రెండు చేతుల్తో పట్టుకుని వాసన చూసింది. మన షారోన్ వంక చూసి కన్ను కొట్టింది. ఆ పిల్ల నాన్న నా పక్కనే కూర్చున్నాడు. తన వల కంచెలో ఎలా ఉందని అడిగాడు. చేప తప్ప అన్నీ పడుతున్నాయని చెప్పాను.

మొదటి ఆట వాళ్లది, రెండోది మనది. మూడోదాంట్లో సమానంగా నడుస్తుండగా షారోన్ ఎగిరింది. బాలస్వామి నా భుజం పట్టుకున్నాడు. ఒంగోలు స్టేడియంలో అంత జనం, అంత గోల ఉందట. నాకు గోల లేదు. సిమెంటు మెట్టు మీద కూర్చున్న నాకు, ఆ మెట్టులోంచి, వెన్నులోంచి, 'ధబ్' ఒక్కటే వినపడింది. ఊళ్లో వచ్చే చప్పుడే. బాలస్వామి లేచి గెంతుతుంటే గెలిచామని తెలిసింది. ఓడిన పిల్లలే ముందు వచ్చి మన పిల్లల్ని ఎత్తుకున్నారు.

కప్పు తెచ్చి ఆ వదిలిన అడుగు మేర మీద పెట్టి ఫోటో తీసుకున్నారు. గోడకి ఇవతల, వీధిలో, అందరూ చూసేచోట. ఒక మిరప ట్రాక్టర్ మలుపు తిరగబోయి, ఫోటో అయ్యేదాకా ఆగింది.

పేరు సంగతి చెప్పలేదు కదూ. నువ్వు చెప్పినట్టే పిల్లల్ని అడిగాను. ముందు అడిగాను, తర్వాత కట్టలేదు, వాళ్లే కట్టుకున్నారు. నా గోడ కథంతా విని షారోన్ ఒక్క మాటలో తేల్చింది. చొక్కాల వెనక ఎర్ర అక్షరాలతో అచ్చు వేయించుకున్నారు. నీకు ఒక చొక్కా పంపుతున్నాను. కొలతలు మీ అమ్మ చెప్పింది, నేను విన్నంత మేరకు సరిపోతుంది.

ముందడుగు. అదీ వాళ్ల పేరు. రెండు మాటలూ ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయి. అచ్చువేసేవాణ్ణి అడిగి చూశాను గానీ, మధ్యలో కామా పెట్టడానికి చోటే లేదన్నాడు.

మీ మామయ్య,
పేరయ్య.